సివిల్ వ్యాజ్యంలో రుజువు ఎంత ఉంటే చాలు

సివిల్ వ్యాజ్యం ఏదైనా రెండు ప్రశ్నల మీద నడుస్తుంది. ఏ విషయాన్ని ఎవరు రుజువు చేయాలన్నది మొదటిది. న్యాయస్థానాల్లో దీనికి రుజువు భారం అని పేరు. ఆ రుజువు ఎంత ఉంటే తీర్పరికి చాలునన్నది రెండోది. దీన్ని రుజువు స్థాయి అంటారు. తెలుగునాట వేర్వేరు కాలాల్లో చెల్లిన న్యాయ పద్ధతులు మొదటి ప్రశ్నకు ఇంచుమించు ఒకే జవాబు ఇచ్చాయి: ఆరోపించినవాడే రుజువు చేయాలి. రెండో ప్రశ్నకు మాత్రం జవాబు చాలా మారింది. మనుషుల సాక్ష్యంతో సందేహం తీరకపోతే దేవతల చేత తీర్పు చెప్పించుకున్న కాలం నుంచి, రెండు కథనాల్లో ఏది జరిగి ఉండే అవకాశం ఎక్కువో దాన్ని నిజంగా స్వీకరించే కాలం దాకా సాగిన ఈ మార్పు నిశ్చయం మీద ఆశను మెల్లమెల్లగా వదులుకున్న చరిత్ర. ఆ వదులుకోవడం ఒక్కసారిగా జరగలేదు. 1872లో శాసనం సంభావ్యతను ఒప్పుకున్నప్పటికీ, దేవుని ఎదుట చేసిన ప్రమాణంతో దావా తేల్చుకునే దారి 1969 వరకు ఆంగ్ల పద్ధతి కోర్టుల్లోనే తెరిచి ఉంది.

కల్యాణి చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుని కాలంలో విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్య స్మృతికి మితాక్షర అనే వ్యాఖ్య రాశాడు. దాన్ని ఆధారం చేసుకొని 13వ శతాబ్దంలో తిక్కన సమకాలికుడైన కేతన విజ్ఞానేశ్వరీయం రచించడంతో వ్యవహార ధర్మం, అంటే తగవులు తీర్చే విధానం, తెలుగు పద్యాల్లోకి వచ్చింది. ఈ సంప్రదాయంలో వ్యవహారానికి నాలుగు పాదాలు: వాది చెప్పుకునే భాష, ప్రతివాది ఇచ్చే ఉత్తరం, రుజువు చూపే క్రియ, చివరికి తేలే సాధ్యసిద్ధి. ఉత్తరం కూడా నాలుగు విధాలు. వాది మాటను ఒప్పుకోవడం, కాదనడం, ఒప్పుకుంటూనే వేరొక కారణం చెప్పడం, ఇదే తగవు ఇదివరకే తీరిందనడం. క్రియ ఎవరిదన్నది ఈ ఉత్తరాన్ని బట్టే నిర్ణయమవుతుంది. అప్పు తీసుకోనే లేదని ప్రతివాది అంటే ఇచ్చినట్టు వాది చూపాలి. తీసుకున్నమాట నిజమే గాని తీర్చేశానంటే తీర్చినట్టు ప్రతివాది చూపాలి. ఒక వివాదంలో క్రియ ఒక పక్షానికే చెందుతుంది. ఇద్దరి సాక్ష్యాన్నీ పక్కపక్కన పెట్టి ఏది బలమైనదో చూసే నేటి పద్ధతికీ దానికీ ఉన్న ముఖ్యమైన తేడా ఇదే. అప్పటి తీర్పరి పని పోల్చడం కన్నా, భారం మోసే పక్షం శాస్త్రం అడిగినంతా చూపిందా లేదా అని చూడడం.

ఆ అడిగినది ఎంతో స్మృతి లెక్క కట్టి చెప్పింది. లిఖితం, భుక్తి, సాక్షులు అనేవి మానుష ప్రమాణాలు. లిఖితమంటే పత్రం, భుక్తి అంటే స్వాధీనంలో ఉంచుకొని అనుభవించడం. సాక్షులు సాధారణంగా ముగ్గురికి తక్కువ కాకూడదు, కాని ఇరుపక్షాలూ ఒప్పుకుంటే ధర్మం తెలిసిన ఒక్కడైనా చాలు. సాక్షులు రెండు చీలికలై చెబితే ఎక్కువమంది మాట చెల్లుతుంది. సంఖ్య సమానమైతే గుణవంతుల మాట, గుణవంతుల్లోనూ చీలిక వస్తే మరింత గుణవంతుల మాట చెల్లుతుంది. పొలాన్ని పరులు కళ్ళెదుట అనుభవిస్తున్నా ఇరవై ఏళ్ళు ఊరుకున్నవాడికి నష్టం కలుగుతుందని, ధనం విషయంలో పదేళ్ళకే ఆ నష్టం వస్తుందని మరో నియమం ఉంది. ఇందులో ఎంతమేరకు హక్కే పోతుంది, ఎంతమేరకు ఫలం మాత్రమే పోతుంది అన్న విషయంపై వ్యాఖ్యాతలు చాలా తర్కించారు. ఈ నియమాలన్నిటిలోనూ తీర్పరి నమ్మకానికి దొరికే చోటు తక్కువ, లెక్కకు దొరికేది ఎక్కువ. న్యాయం చెప్పేవాడి ఇష్టాయిష్టాలకు కళ్ళెం వేయడానికే ఈ కట్టుదిట్టాలు అనుకోవడం సబబుగా ఉంటుంది.

ఈ మూడూ లేనప్పుడే దివ్యం. తుల, అగ్ని, జలం, విషం, కోశం అనే ఐదు దివ్యాలను యాజ్ఞవల్క్యుడు చెప్పాడు. వీటిని క్రూరమైన మూఢాచారాలుగా తీసిపారేసే పుస్తకాలు ఎక్కువే గాని, వీటి వెనుక ఉన్న క్రమాన్ని గమనిస్తే రుజువు స్థాయికి సంబంధించిన గట్టి ఆలోచన కనబడుతుంది. వెయ్యి పణాలకు లోబడిన వివాదంలో కాలిన కర్రును, విషాన్ని, తులను వాడరాదు. రాజద్రోహం, మహాపాతకం వంటి నిందలకు మాత్రం ఈ పరిమితి లేదు. అంటే విషయం ఎంత పెద్దదో పరీక్ష అంత కఠినం కావాలన్న కొలత అప్పటికే ఏర్పడింది. స్త్రీలకు, పిల్లలకు, వృద్ధులకు, రోగులకు, అంధులకు తుల చెప్పారు. మనిషిని ఒకసారి తూచి, దింపి, ప్రార్థన తరువాత మళ్ళీ తూచినప్పుడు పైకి లేస్తే గెలిచినట్టు, కిందికి దిగితే ఓడినట్టు. కోశం ఇంకా మెత్తనిది: ఉగ్రదేవతను అభిషేకించిన నీటిని మూడు దోసిళ్ళు తాగినవాడికి పద్నాలుగు రోజుల లోపల రాజు వల్ల గాని దైవం వల్ల గాని ఘోరమైన ఆపద రాకపోతే అతడు శుద్ధుడు. వీటన్నిటి కన్నా ముఖ్యమైన షరతు మరొకటి ఉంది. పెద్ద అభియోగాల్లో దివ్యం జరగాలంటే, ఎదుటివాడు నెగ్గితే శిక్షను తాను అనుభవిస్తానని అభియోగం తెచ్చినవాడు ముందుగా తలవంచాలి. దీనికి శీర్షకం అని పేరు. దేవుణ్ణి సాక్షిగా పిలిచినవాడు ఆ సాక్ష్యానికి కట్టుబడి తీరాలన్న ఈ సూత్రం ఆరేడు వందల ఏళ్ళ తరువాత వేరే వేషంలో మళ్ళీ కనబడుతుంది.

గోల్కొండ సుల్తానుల కాలంలోనూ తరువాత అసఫ్‌జాహీల కాలంలోనూ ఖాజీల ఎదుట నడిచిన ఇస్లామీయ న్యాయంలో సూత్రం క్లుప్తంగా ఉంటుంది: రుజువు వాదిది, ఒట్టు కాదన్నవాడిది. ధనవివాదానికి ఇద్దరు పురుషులు, లేదా ఒక పురుషుడు ఇద్దరు స్త్రీలు సాక్షులు కావాలి. వాది అంతటి సాక్ష్యం తేలేకపోతే ప్రతివాది చేత ఒట్టు వేయిస్తారు, దానితో వాది హక్కు ఆగిపోతుంది. ఇక్కడా సాక్షులను లెక్కపెట్టడం ఉంది, లెక్క చాలనప్పుడు దైవాన్ని ఆశ్రయించడం ఉంది. మూలాలు వేరైనా స్మృతులూ ఖాజీలూ ఈ ఒక్క విషయంలో దగ్గరివారే.

ఊళ్ళలో నడిచిన పంచాయతీలు ఈ శాస్త్రాలను ఎంతవరకు పాటించాయన్నది వేరే సంగతి. తగవు పెద్దల ముందుకు రాగానే తీర్పుకు కట్టుబడతామని ఇరుపక్షాలూ ముచ్చలిక, అంటే ఒప్పుదల పత్రం, రాసివ్వడం ఆనవాయితీ. ఊరి పెద్దలకు పొలం గట్లూ తెలుసు, మనుషుల నడతా తెలుసు, కాబట్టి బయటి సాక్ష్యం అవసరం వారికి తక్కువ. అదే పంచాయతీకి బలం, అదే లోపం కూడా. తెలిసిన విషయం రుజువు కానక్కరలేదన్నది ఎంత సుఖమో, పెద్దలకు తెలిసింది తప్పు అయినప్పుడు బలహీనుడికి అంత ప్రమాదం. మద్రాసు రాజధానిలో 1802లో ఈస్టిండియా కంపెనీ జిల్లా కోర్టులు పెట్టిన తరువాత వాటి ఖర్చూ జాప్యమూ చూసి విసిగిన థామస్ మన్రో 1816 శాసనాల్లో గ్రామ మున్సిఫులకు, పంచాయతీలకు చోటు కల్పించాడు. పది రూపాయల లోపు దావాలను గ్రామ మున్సిఫు వినవచ్చు. కాని మన్రో ఆశించినట్టు జనం శాసనబద్ధమైన పంచాయతీలను ఆశ్రయించలేదు. కాగితం మీద సాక్ష్యం రాసుకొని, అప్పీలుకు వీలుగా తీర్పు ఇచ్చే జిల్లా మున్సిఫు దగ్గరికే వెళ్ళారు. పంచాయతీ పాత మంచి రోజుల చిహ్నమన్న అభిప్రాయం కంపెనీ దొరల్లో ఉన్నంతగా కక్షిదారుల్లో లేకపోయిందని దీన్ని బట్టి తెలుస్తుంది.

కంపెనీ కోర్టుల్లో సాక్ష్యానికి నిలకడైన నియమావళి చాలాకాలం లేదు. మద్రాసు నగరంలోని సుప్రీంకోర్టులో ఆంగ్ల సాక్ష్య నియమాలు నడిచేవి. మొఫస్సిలులో, అంటే నగరం వెలుపలి జిల్లాల్లో, కొన్ని శాసనాలు, కొంత ఆంగ్ల పద్ధతి, కొంత న్యాయాధికారి వివేకం కలిసి నడిచేవి. సాక్షుల చేత గంగాజలం మీద, ఖురాను మీద ఒట్టు వేయించే ఆచారాన్ని 1840 నాటి 5వ చట్టం తీసివేసి, హిందువులకు ముస్లిములకు ఒక సామాన్య ప్రతిజ్ఞ పెట్టింది. 1855లో సాక్ష్యాన్ని గురించి ఒక చట్టం వచ్చింది గాని అది సమగ్రమైనది కాదు. హెన్రీ మెయిన్ కాలంలో ఇంగ్లండు న్యాయ సంఘం పంపిన ముసాయిదా ఈ దేశానికి పనికిరాదని తేలాక, వైస్రాయి సభలో మెయిన్ తరువాత న్యాయ సభ్యుడైన జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ కొత్తగా చిత్తు రాశాడు. అదే 1872 సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చిన భారత సాక్ష్య చట్టం.

ఆ చట్టం మూడో సెక్షను రుజువు స్థాయి చరిత్రలో ప్రధానమైన మలుపు. ఎదుట ఉన్నవన్నీ పరిశీలించిన మీదట ఒక విషయం ఉన్నదని కోర్టు నమ్మినా, లేదా ఆ సందర్భపు పరిస్థితుల్లో వివేకవంతుడైన మనిషి అది ఉన్నదన్న భావన మీద ఆధారపడి వ్యవహరించదగినంతగా దాని ఉనికి సంభావ్యమని తలచినా, ఆ విషయం రుజువైనట్టేనని ఆ సెక్షను చెప్పింది. ఇందులో నిశ్చయం అడగలేదు; పొలం కొనేటప్పుడు, పిల్లనిచ్చేటప్పుడు, అప్పు పెట్టేటప్పుడు ఆలోచన గలవాడు ఎంత భరోసాతో అడుగు వేస్తాడో అంతే అడిగింది. రుజువైనది, అబద్ధమని తేలినది అన్న రెండింటికి తోడు ఏదీ తేలనిది అన్న మూడో అరను కూడా ఆ సెక్షను ఏర్పరచింది. ఏదీ తేలనప్పుడు ఏం జరగాలో 101 నుంచి ఉన్న భార నియమాలు చెబుతాయి: ఇరువైపులా సాక్ష్యమే లేకపోతే ఎవరు ఓడతారో భారం వారిది. 134వ సెక్షను ఏ విషయానికైనా ఇంతమంది సాక్షులుండాలన్న నియమం లేదని కొట్టివేసింది. ముగ్గురు సాక్షుల స్మృతి నియమం, ఇద్దరు సాక్షుల ఖాజీ నియమం ఆ ఒక్క వాక్యంతో పోయాయి. తూకం తీర్పరి మనసులోకి వచ్చింది.

గమనించదగిన సంగతి, ఆ నిర్వచనం సివిలుకూ క్రిమినలుకూ వేర్వేరుగా రాయలేదు. ఇంగ్లండులో 1858లో ఒక ఎన్నికల లంచం వ్యాజ్యంలో జస్టిస్ విల్స్ సివిల్ వివాదాల్లో సంభావ్యతల మొగ్గు చాలునని చెప్పాడు; మొగ్గు అంటే జరగలేదనడం కన్నా జరిగిందనడానికి అవకాశం ఎక్కువగా ఉండడం. క్రిమినల్ కేసులో మాత్రం సహేతుకమైన సందేహం మిగలకూడదు. స్టీఫెన్ చట్టంలో ఈ రెండు మాటలూ లేకపోయినా, సందర్భపు పరిస్థితులను బట్టి అన్న మాటలోంచే భారతీయ న్యాయస్థానాలు ఈ తేడాను రాబట్టాయి. ఒక మనిషిని జైలుకు పంపే ముందు వివేకవంతుడు అడిగే భరోసా వేరు, ఇరుగుపొరుగు గోడ ఎవరిదో తేల్చే ముందు అడిగే భరోసా వేరు. 1947లో ఒక సైనికుని వితంతువు పింఛను కోసం చేసిన విజ్ఞప్తిలో ఇంగ్లండు న్యాయమూర్తి డెనింగ్ ఇంకొంచెం స్పష్టత తెచ్చాడు: రెండు అవకాశాలూ సరిసమానంగా ఉంటే భారం తీరినట్టు కాదు. సివిల్ రుజువు సులువైనదన్న వాడుకమాట ఈ చివరి షరతును మరచిపోతుంది. సమానమైన బలాల నడుమ ఓడేది ఎప్పుడూ భారం మోసేవాడే.

1872 చట్టం వచ్చిన మరుసటి ఏడాదే వచ్చిన ప్రమాణాల చట్టం వేరే దారిలో నడిచింది. 1873 నాటి ఆ చట్టం ప్రకారం వ్యాజ్యంలో ఒక పక్షం, ఎదుటివాడు ఫలానా తీరున ప్రమాణం చేసి చెబితే ఆ మాటకు తాను కట్టుబడతానని కోర్టుకు చెప్పుకోవచ్చు. ఎదుటివాడు ఒప్పుకుంటే ప్రమాణం చేయించవచ్చు. కోర్టు బయట, గుడిలోనో మరోచోటనో చేయించవలసి ఉంటే అందుకు కమిషనరును పంపవచ్చు. ఆ ప్రమాణంతో చెప్పిన మాట, కట్టుబడతానన్న పక్షానికి వ్యతిరేకంగా తిరుగులేని రుజువు అవుతుంది. ఎదుటివాడు ప్రమాణానికి నిరాకరిస్తే ఆ నిరాకరణనూ అతడు చెప్పిన కారణాన్నీ కోర్టు రాసుకుంటుంది. న్యాయానికి, మర్యాదకు విరుద్ధంగా ఉండేవి, మూడో మనిషికి కీడు తగిలేట్టు ఉండేవి పనికిరావని చట్టం షరతు పెట్టింది. బిడ్డ తలమీద చెయ్యి వేసి చేసే ఒట్టు ఆ షరతుతో వెలుపలికి పోయింది. గుడిలో దీపమో కర్పూరమో ఆర్పి చేసే ప్రమాణం వంటివి మిగిలాయి. కాణిపాకం వరసిద్ధి వినాయకుని సన్నిధిలో చేసిన ప్రమాణానికి నేటికీ చిత్తూరు ప్రాంతంలో ఉన్న గురి తెలిసినవారికి, కోర్టులు ఈ దారిని ఎందుకు తెరిచి ఉంచాయో ఊహించడం కష్టం కాదు.

ఇది శీర్షకం తిరిగి రావడమే. ఎదుటివాడి దైవభీతి మీద పందెం కట్టినవాడు ఆ పందెంలో ఓడితే దావా ఓడినట్టే. పత్రం లేని చేబదులుకు, సాక్షులు లేని గట్టు తగాదాకు ఇది చవకైన పరిష్కారం. పెద్ద మనుషుల నడుమ ముదిరిన పంతాలకు మర్యాదగా దిగివచ్చే మార్గం కూడా. ఒకసారి కట్టుబడతానన్నవాడు తరువాత వెనక్కి తగ్గవచ్చా అన్న ప్రశ్న మీద హైకోర్టుల్లో వాదాలు చాలానే సాగాయి. సంభావ్యతల లెక్కకూ ఈ ప్రమాణానికీ పొంతన లేదన్నది నిజం, ఎందుకంటే ఇక్కడ న్యాయమూర్తి తూచేది ఏమీ ఉండదు. 1964లో లా కమిషన్ తన 28వ నివేదికలో ఆ చట్టాన్ని సమీక్షించింది. తరువాత వచ్చిన 1969 ప్రమాణాల చట్టం పాతదాన్ని రద్దు చేస్తూ ఈ ప్రత్యేక ప్రమాణాల ఏర్పాటును వదిలేసింది. సివిల్ వ్యాజ్యంలో దేవునికి ఉన్న ఆఖరి చోటు అలా పోయింది.

అప్పటికే సంభావ్యతల మొగ్గును ప్రతిరోజూ పరీక్షిస్తున్న వ్యాజ్యం ప్రామిసరీ నోటు దావా. జిల్లా మున్సిఫు కోర్టుల్లో ప్రతివాది సాధారణంగా రెండు జవాబుల్లో ఒకటి చెబుతాడు: సంతకం నాది కాదు, లేదా సంతకం నాదే గాని పైకం ముట్టలేదు. స్మృతికారులు చెప్పిన మిథ్యోత్తరం, అంటే కాదనడం, కారణోత్తరం, అంటే ఒప్పుకుంటూనే వేరొక కారణం చెప్పడం, అన్నవి స్టాంపు అంటించిన కాగితం మీదికి వచ్చినట్టే. మొదటి జవాబుకు భారం వాదిది. రెండోదానికి 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 118వ సెక్షను అడ్డు వస్తుంది: నోటు ఉంటే ప్రతిఫలం, అంటే పైకం, ముట్టిందనే కోర్టు తలచాలి. అయితే ఆ తలంపును తిప్పికొట్టడానికి ప్రతివాది నేరుగా సాక్ష్యమే తేవాలా, పరిస్థితులు చూపితే చాలా? 1961లో కుందన్‌లాల్ రల్లారామ్ కేసులో దీనికి సమాధానం చెప్పినవాడు రాజమహేంద్రవరంలో పుట్టి, ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన కోకా సుబ్బారావు. లెక్క పుస్తకాలు తన దగ్గరే ఉన్నా కోర్టుకు చూపని వ్యాపారి మీద అవి అతనికి ప్రతికూలమైనవే అయి ఉంటాయని తలచవచ్చు, ఆ రెండో తలంపే మొదటి తలంపును పడగొట్టవచ్చు అని ఆయన వివరించాడు. పత్రానికి ఉన్న గౌరవం దాని యజమాని దాచిన మరో పత్రం వల్ల తగ్గుతుందన్నది ఆ తీర్పులోని పదునైన భాగం. 1964లో మతిభ్రమణం సాకుగా చెప్పిన ఒక హత్య కేసులోనూ, నిందితుడు తన మినహాయింపును రుజువు చేసుకోవలసిన స్థాయి సివిల్ కక్షిదారుడి స్థాయిని మించదని ఆయనే స్థిరపరిచాడు.

ఆరోపణ పెద్దదైతే మొగ్గు కూడా పెద్దది కావాలా అన్నది మిగిలిన చిక్కు. వీలునామా కేసులో 1958లో సుప్రీంకోర్టు, గణితంలో ఉండే నిశ్చయం అడగనక్కరలేదు గాని, రాసిన పరిస్థితులు అనుమానం పుట్టించేవైతే ఆ అనుమానాలన్నీ తీర్చవలసింది వీలునామాను ముందుకు తెచ్చినవారేనని చెప్పింది. 1966లో గులాబ్‌చంద్ కేసులో మోసం, లంచం వంటి నేరస్వభావం గల ఆరోపణలకు కూడా సివిల్ కొలతే వర్తిస్తుందని, క్రిమినల్ కొలత రాదని తేల్చింది. అయినా వివాహ వివాదాల్లో సందేహాతీతమన్న మాట కొంతకాలం వినబడుతూనే ఉంది. 1975లో దాస్తానే కేసులో జస్టిస్ వై.వి. చంద్రచూడ్ దాన్ని సరిదిద్దుతూ, క్రూరత్వాన్ని రుజువు చేయడానికీ మొగ్గు చాలునని, అయితే ఆరోపణ ఎంత తీవ్రమైనదో అంత జాగ్రత్తగా మొగ్గును చూస్తారని రాశాడు. ఆ కేసులో భర్త భార్య క్రూరత్వాన్ని రుజువు చేయగలిగాడు గాని, తరువాత కలిసి కాపురం చేసి దాన్ని క్షమించాడని కోర్టు అతని అర్జీ కొట్టివేసింది. వెయ్యి పణాల గీతకూ ఈ సూత్రానికీ నడుమ ఉన్న పోలిక కాకతాళీయమే కావచ్చు. తేడా మాత్రం కచ్చితమైనది. స్మృతి పెద్ద తగవుకు వేరే పరీక్ష పెట్టింది, నేటి న్యాయం అదే పరీక్షలో ఎక్కువ శ్రద్ధ అడుగుతుంది.

హైదరాబాదు సంస్థానపు జిల్లాల్లో 1872 చట్టం బ్రిటిష్ ఇండియాలో వలె మొదటినుంచీ లేదు. 1951లో బి తరగతి రాష్ట్రాల చట్టం దాన్ని అక్కడికి విస్తరించింది. మోటారు ప్రమాద పరిహారం వంటి కొత్త రంగాల్లో రెండు కొలతల తేడా సామాన్యుడికి కూడా తెలిసేట్టు బయటపడుతుంది. డ్రైవరు క్రిమినల్ కోర్టులో నిర్దోషిగా బయటపడినంత మాత్రాన ట్రిబ్యునలు పరిహారం నిరాకరించరాదని 1980లో జస్టిస్ కృష్ణయ్యర్ హెచ్చరించాడు. ఒకే సంఘటన మీద ఒక కోర్టు తేలలేదని, మరొకటి జరిగిందని అన్నా, ఆ రెండు తీర్పులూ ఒకదాన్నొకటి కాదన్నట్టు కాదు.

2023లో పార్లమెంటు చేసిన భారతీయ సాక్ష్య అధినియమం 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది. పాత చట్టంలో 167 సెక్షన్లుంటే కొత్తదానిలో 170 ఉన్నాయి. ఎలక్ట్రానిక్ రికార్డుల విషయంలో మార్పులు వచ్చాయి గాని, రుజువైనది అన్న నిర్వచనం రెండో సెక్షనులోకి జరిగి, స్టీఫెన్ పెట్టిన వివేకవంతుణ్ణి తనతోనే తెచ్చుకుంది. ఆ తేదీ నాటికి నడుస్తున్న విచారణలు, అప్పీళ్ళు పాత చట్టం కిందనే సాగాలని కొత్త చట్టమే చెప్పడం వల్ల, రెండు తెలుగు రాష్ట్రాల్లోని జూనియర్ సివిల్ జడ్జి కోర్టుల్లో ఇంకా చాలా ఏళ్ళపాటు రెండు పుస్తకాలూ బల్ల మీద ఉంటాయి.